చిన్న రాళ్ళే కదా అని ఆగిన కేసు

పిత్తాశయంలో ఉన్నవి చిన్న రాళ్ళేనని చెప్పగానే రోగి ముఖంలో కొంత ఊరట కనిపిస్తుంది. చాలాకాలం నా మనసులోనూ అలాంటి ఊరటే ఉండేది. ఈ రోగి విషయంలో ఆ ఊరటే నా నిర్ణయాన్ని పక్కదారి పట్టించింది. అందుకే ఈ కేసు రాస్తున్నాను. ఆమె అనుమతి తీసుకున్నాను. ఆమెను గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని తీసేశాను, కొన్ని మార్చాను. వైద్యం నడిచిన క్రమం మాత్రం జరిగినది జరిగినట్టే ఉంది.

నేపథ్యం

ఆమె వయసు నలభై దాటింది. ఇద్దరు పిల్లల తల్లి. థైరాయిడ్ గ్రంథి మందకొడిగా పనిచేస్తున్నందువల్ల ఏళ్ళుగా రోజూ పొద్దున్నే పరగడుపున ఒక మాత్ర వేసుకుంటున్నారు. మధుమేహం, రక్తపోటు లేవు. నా దగ్గరికి రావడానికి ఏడాదిన్నర ముందు బరువు తగ్గాలని పట్టుదలగా ప్రయత్నించి నాలుగు నెలల్లో 14 కిలోలు తగ్గారు. ఆ తర్వాత మామూలు ఆరోగ్య పరీక్షల్లో భాగంగా అల్ట్రాసౌండ్ చేస్తే పిత్తాశయంలో చాలా చిన్న రాళ్ళు కనిపించాయి. అప్పటికి ఆమెకు ఏ బాధా లేదు. "ఇవి నిశ్శబ్దంగా ఉన్న రాళ్ళు, ఏమీ చేయనక్కరలేదు" అని అప్పటి వైద్యుడు చెప్పారు.

ఆ సలహా సరైనదే. బాధ పెట్టని రాళ్ళున్న వారిలో ఎక్కువమందికి అవి ఎన్నడూ బాధ పెట్టవు. ఏటా నూటికి ఒకరి నుంచి నలుగురికి మాత్రమే లక్షణాలు మొదలవుతాయి. అంతమందికీ ముందుజాగ్రత్తగా ఆపరేషన్ చేస్తే మేలు కంటే కీడే ఎక్కువ. రాళ్ళు ఎందుకు వచ్చి ఉంటాయో కూడా ఊహించవచ్చు. బరువు మరీ వేగంగా తగ్గినప్పుడు శరీరంలోని కొవ్వు కరిగి, కాలేయం నుంచి పైత్యరసంలోకి కొలెస్టరాల్ ఎక్కువగా చేరుతుంది. కొవ్వు బొత్తిగా లేని భోజనం చేస్తే, ఆ రసాన్ని దాచే పిత్తాశయం ముడుచుకుని దాన్ని పేగులోకి పంపే అవసరం రాదు. కదలిక లేక నిలిచిపోయిన రసంలో ఆ కొలెస్టరాల్ స్ఫటికాలై, క్రమంగా రాళ్ళుగా మారుతుంది.

ఇబ్బంది సలహాలో లేదు, దాన్ని అందరూ గుర్తుపెట్టుకున్న తీరులో ఉంది. "నిశ్శబ్దం" అన్న మాట ఆ ఒక్క రోజు పరిస్థితిని మాత్రమే చెబుతుంది. ఆమె, కుటుంబం, ఆ తర్వాత చూసిన వైద్యులు దాన్ని ఆ రాళ్ళ స్వభావంగా తీసుకున్నారు. ఏడు నెలల తర్వాత నొప్పి మొదలైనప్పుడు రాళ్ళ సంగతి ఎవరూ ఎత్తలేదు. గ్యాస్ అనుకున్నారు, ఆమ్లం తగ్గించే మాత్రలు ఇచ్చారు, ఎండోస్కోపీ చేశారు. జీర్ణాశయంలో కాస్త ఎరుపు తప్ప మరేమీ కనబడలేదు, పుండ్లు తెచ్చే హెలికోబ్యాక్టర్ సూక్ష్మజీవి కోసం చేసిన పరీక్షలోనూ ఏమీ తేలలేదు. మాత్రలు మారుతూ వచ్చాయి.

ఆమె చెప్పిన బాధ

నా దగ్గరికి వచ్చినప్పుడు ఆమె మొదట చెప్పింది నొప్పి గురించి కాదు. "డాక్టరు గారూ, పొట్ట ఎప్పుడూ బిగిసినట్టే ఉంటుంది. ఏం తిన్నా ఉబ్బరమే. రాళ్ళు తీసేస్తే ఇది పోతుందా?" అని అడిగారు. నొప్పి సంగతి నేను అడిగితేనే బయటికి వచ్చింది. అది రాత్రిపూట వస్తుంది. పొట్ట పైభాగంలో, రొమ్ము ఎముక కింద మొదలై అరగంటలో పూర్తి స్థాయికి చేరుతుంది. అక్కడి నుంచి కుడి రెక్క ఎముక కిందికి పాకుతుంది. ఎటు ఒరిగినా తగ్గదు. గంటో రెండు గంటలో అలాగే ఉండి, తర్వాత చెప్పకుండానే పోతుంది. మర్నాడు ఏమీ జరగనట్టే ఉంటుంది.

ఈ వర్ణన వింటే రాళ్ళ నొప్పి అని వెంటనే తోస్తుంది. అయితే ఆమె దగ్గర రెండు బాధలున్నాయి: అప్పుడప్పుడు వచ్చే ఈ నొప్పి, రోజూ ఉండే ఉబ్బరం. ఆపరేషన్ మొదటిదానికి మందు. రెండోదానికి కావచ్చు, కాకపోవచ్చు. రాళ్ళు, ఉబ్బరం రెండూ జనంలో చాలా మామూలు. ఒకే మనిషిలో రెండూ ఉన్నంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమని చెప్పలేం. పిత్తాశయం తీశాక కూడా బాధ మిగిలిందని వచ్చేవారిలో చాలామంది, అసలు రాళ్ళకు సంబంధం లేని బాధ కోసం ఆపరేషన్ చేయించుకున్నవారే.

అందుకే ఆమెను మూడు వారాలపాటు ఒక పుస్తకంలో రోజూ రెండు గడులు నింపమన్నాను. ఒక గడిలో నొప్పి: ఎప్పుడు మొదలైంది, ఎంతసేపుంది, ఎటు పాకింది. రెండో గడిలో ఉబ్బరం. ఈలోగా గుండె నొప్పి కాదని తేల్చుకోవడానికి ఈసీజీ తీయించాను. పొట్ట పైభాగంలో వచ్చే నొప్పికి చేయించే పరీక్షల జాబితాలో అది ఎప్పుడూ ముందుండాలి. కాలేయ పరీక్షలు మామూలుగా ఉన్నాయి. కొత్తగా చేసిన అల్ట్రాసౌండ్‌లో 3 నుంచి 5 మిల్లీమీటర్ల రాళ్ళు చాలా ఉన్నాయి. పిత్తాశయం గోడ పల్చగానే ఉంది. పైత్యరసాన్ని పేగులోకి చేర్చే పిత్తనాళం వెడల్పు 5 మిల్లీమీటర్లు, అంటే మామూలే.

మూడు వారాల పుస్తకంలో నొప్పి రెండుసార్లు నమోదైంది, ఉబ్బరం 21 రోజుల్లో 17 రోజులు. నొప్పి వచ్చిన రెండు రోజుల్లో ఒకనాడు ఉబ్బరం అసలు లేదు. ఆ పేజీ ఆమెకే చూపించి, "ఆపరేషన్ ఈ గడి కోసం. ఆ గడికి నేను మాట ఇవ్వలేను" అన్నాను. ఈ మొత్తం కేసులో నేను చేసిన పనుల్లో అన్నిటికంటే ఉపయోగపడింది ఇదేనని ఇప్పటికీ అనుకుంటున్నాను.

ప్రయత్నించినది, విఫలమైనది

లక్షణాలు మొదలయ్యాక రాళ్ళకు సిసలైన వైద్యం పిత్తాశయాన్ని తీసేయడమే. అదే చెప్పాను. ఆమెకు ఇష్టం లేదు. అందరూ అడిగే ప్రశ్నే అడిగారు: "రాళ్ళు మాత్రం తీసి సంచిని ఉంచకూడదా?" ఉంచితే మళ్ళీ వస్తాయి, ఎందుకంటే రాళ్ళు తయారయ్యేది ఆ సంచిలోనే. 1882లో బెర్లిన్‌లో శస్త్రవైద్యుడు కార్ల్ లాంగెన్‌బుఖ్ మొదటిసారి పిత్తాశయాన్ని పూర్తిగా తీసింది ఈ తర్కంతోనే. అంతకుముందు సంచిని తెరిచి రాళ్ళు తీసి వదిలేసేవారు.

అప్పుడామె కరిగించే మాత్రల గురించి అడిగారు. అర్సోడియాక్సీకోలిక్ ఆమ్లం అనే మందు ఉంది. అది కొలెస్టరాల్ రాళ్ళను నెమ్మదిగా కరిగించగలదు. కానీ షరతులున్నాయి: రాళ్ళు చిన్నవి కావాలి, వాటిలో కాల్షియం ఉండకూడదు, పిత్తాశయం ముడుచుకుని తెరుచుకునే స్థితిలో ఉండాలి. ఆరు నెలల నుంచి రెండేళ్ళు వాడాలి. కరిగిన వారిలో కూడా అయిదేళ్ళలో దాదాపు సగం మందికి రాళ్ళు తిరిగి వస్తాయి. ఇవన్నీ ఆమెకు చెప్పాను. ఆమెకు షరతులన్నీ సరిపోతున్నాయి కదా, నొప్పి నెలకు రెండుసార్లే కదా, ఆరు నెలలు చూద్దాం అని ఇద్దరం అనుకున్నాం. నేను ఒప్పుకున్నాను.

నా ఆలోచన తప్పిందక్కడే. చిన్న రాయి కరగడానికి ఎంత అనువైనదో, జారిపోవడానికీ అంతే అనువైనది. పెద్ద రాయి సంచి మూతి దగ్గర అడ్డుపడి నొప్పి పుట్టించి వెనక్కి పడుతుంది. 3 మిల్లీమీటర్ల రాయికి ఆ మూతి దారి ఇస్తుంది. అది పిత్తనాళంలోకి దిగి, నాళం చివర, పేగులోకి తెరుచుకునే చోట ఇరుక్కుంటుంది. క్లోమం నుంచి వచ్చే నాళం కలిసేదీ అక్కడే. కామెర్లకైనా, క్లోమం వాపుకైనా ఎక్కువగా దారితీసేవి ఈ చిన్న రాళ్ళే. పైగా మందు పనిచేస్తే రాయి ఇంకా చిన్నదవుతుంది, అంటే ఇంకా సులువుగా జారుతుంది. నేను పరిమాణాన్ని ఒకే వైపు నుంచి చూశాను.

నాలుగో నెలలో ఆమె తెల్లవారుజామున అత్యవసర విభాగానికి వచ్చారు. నొప్పి తొమ్మిది గంటలుగా తగ్గలేదు. మూత్రం ముదురు రంగులో ఉంది, కళ్ళు కాస్త పచ్చబడ్డాయి. జ్వరం లేదు. కామెర్లలో పసుపు రంగుకు కారణమైన బిలిరుబిన్ 3.1కి పెరిగింది, కాలేయ ఎంజైములు పదింతలు. క్లోమానికి సంబంధించిన లైపేజ్ మామూలుగా ఉండటం ఆ రోజు మాకు దొరికిన ఒక్క మంచి వార్త. అల్ట్రాసౌండ్‌లో పిత్తనాళం 9 మిల్లీమీటర్లకు ఉబ్బి ఉంది, లోపల రాయి మాత్రం కనబడలేదు.

కనబడనంత మాత్రాన లేదని అనుకోలేదు. పిత్తాశయంలోని రాళ్ళను పట్టడంలో అల్ట్రాసౌండ్ దాదాపు తప్పు చేయదు. నాళం కింది భాగంలో మాత్రం పేగులోని గాలి అడ్డొచ్చి రాళ్ళను కప్పేస్తుంది. నేరుగా ఈఆర్‌సీపీ చేయాలా, ముందు ఎంఆర్‌సీపీ తీయాలా అన్నది తర్వాతి ప్రశ్న. మొదటిదానిలో నోటి ద్వారా గొట్టం పంపి నాళం మూతిని కోసి రాయిని తీస్తారు. అది వైద్యమే కానీ, కొద్దిమందిలో అదే క్లోమం వాపు తెస్తుంది. రెండోది కేవలం స్కాన్. జ్వరం, చలి ఉండి నాళంలో ఇన్ఫెక్షన్ సూచనలు కనిపిస్తే ఆలస్యం చేసేవాళ్ళం కాదు. అవి లేవు కనుక స్కాన్ కోసం ఆ కొన్ని గంటలు ఆగడం మంచిదనిపించింది. నాళం అడుగున 4 మిల్లీమీటర్ల రాయి స్పష్టంగా కనిపించింది. మర్నాడు జీర్ణకోశ నిపుణులు ఈఆర్‌సీపీతో దాన్ని తీశారు. రెండు రోజుల్లో బిలిరుబిన్ దిగడం మొదలైంది.

ఇక్కడ ఆమె మరోసారి అడిగారు: "రాయి వచ్చేసింది కదా, ఇప్పుడు ఇంటికి వెళ్ళి కోలుకున్నాక ఆపరేషన్ సంగతి చూడొచ్చా?" ఈసారి నేను మెత్తబడలేదు. సంచిలో అలాంటివి ఇంకా పదులకొద్దీ ఉన్నాయి. వాయిదా వేసినవారిలో కొందరు ఆ మధ్యకాలంలోనే మరో రాయితో తిరిగి వస్తారు, ఆ రెండో రాయి క్లోమం వాపు తేవచ్చు. నాలుగు నెలల కిందట నేను చేసిన పొరపాటు ఏమిటో కూడా ఆమెకు దాచకుండా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే ఇప్పుడే చేసేయండి" అన్నారు.

ఆపరేషన్

ఆసుపత్రి నుంచి పంపకుండా మూడో రోజున ల్యాపరోస్కోపీ ద్వారా పిత్తాశయాన్ని తీశాం. నాలుగు చిన్న కోతలు. వాపు వల్ల పిత్తాశయం మెడ దగ్గర కొవ్వు గట్టిపడి ఉంది. అక్కడ తొందరపడకూడదు. పిత్తాశయం నాళం అనుకుని ప్రధాన పిత్తనాళాన్ని కోయడమే ఈ ఆపరేషన్‌లో జరగగల అతిపెద్ద నష్టం. దాన్ని తప్పించడానికి శస్త్రవైద్యుడు స్టీవెన్ స్ట్రాస్‌బర్గ్ 1995లో స్పష్టపరిచిన పద్ధతినే మేం పాటిస్తాం. మెడ చుట్టూ కొవ్వును శుభ్రం చేసి, సంచి కింది భాగాన్ని కాలేయం నుంచి విడదీసి, సంచిలోకి వెళ్ళేవి దాని నాళం, దాని రక్తనాళం అనే రెండే రెండు నిర్మాణాలని కళ్ళారా చూశాకే క్లిప్పు వేయాలి. ఆ రోజు ఆ దృశ్యం కోసం మామూలు కంటే ఎక్కువసేపు పట్టింది. అది దొరక్కపోతే పొట్ట తెరవడానికో, సంచిలో కొంత భాగం వదిలి ఆపడానికో సిద్ధంగానే ఉన్నాం. ఆ అవసరం రాలేదు.

మొదటి వారం

రెండో రోజు ఉదయం ఆమె భయపడి నన్ను పిలిపించారు. కుడి భుజంలో నొప్పి! రాళ్ళ నొప్పి కూడా కుడి వైపుకే పాకేది కనుక రాయి మిగిలిపోయిందని అనుకున్నారు. ఆ అనుమానం న్యాయమైనదే, నిజంగానే కొందరిలో నాళంలో రాయి మిగిలి ఉంటుంది. కాబట్టి "ఏం కాదు" అని తట్టి వెళ్ళిపోలేం. వేలితో చూపించమన్నాను. పాత నొప్పి రెక్క ఎముక కిందకు వచ్చేది. ఇది భుజం పైకొనలో ఉంది. కూర్చుంటే, గాఢంగా ఊపిరి తీస్తే పెరుగుతోంది, వెల్లకిలా పడుకుంటే తగ్గుతోంది. ఆపరేషన్‌కు చోటు కోసం పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ నింపుతాం. దానివల్ల ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే పొర, ఉదరవితానం, ఒరుసుకుంటుంది. ఆ పొర నుంచి కబురు మోసే నరం, భుజం నుంచి వచ్చే నరాలు మెడలో ఒకేచోట కలుస్తాయి కనుక మెదడు దాన్ని భుజం నొప్పిగా చదువుతుంది. ఇది రెండు మూడు రోజుల్లో పోతుంది. అటూ ఇటూ నడిస్తే చాలు. కాలేయ పరీక్షలు మెరుగవుతున్నాయని కూడా చూపించాక ఆమె స్థిమితపడ్డారు. ఈ భుజం నొప్పి సంగతి ఆపరేషన్‌కు ముందే చెప్పి ఉండాల్సింది.

ఇంటికి పంపేటప్పుడు చెప్పినది క్లుప్తంగా: నొప్పి రోజురోజుకూ తగ్గాలి. ఒక రోజు తగ్గి మర్నాడు పెరిగితే, జ్వరం వస్తే, కళ్ళు పచ్చబడితే, వాంతులు ఆగకపోతే, గాయం నుంచి పసుపుపచ్చని ద్రవం కారితే వెంటనే రావాలి. బరువులు కొన్ని వారాలు ఎత్తవద్దు. నడక మొదటి రోజు నుంచే.

రెండు నెలల విరేచనాలు

గాయాలు చక్కగా మానాయి. రాత్రి నొప్పి మళ్ళీ రాలేదు. కానీ రెండో వారం నుంచి నీళ్ళ విరేచనాలు పట్టుకున్నాయి, రోజుకు నాలుగైదుసార్లు. ఎక్కువగా ఉదయం తిన్న అరగంటకే, ఆగలేనంత తొందరగా. బయటికి వెళ్ళడం మానేశారు.

కొన్ని వారాల్లో సర్దుకుంటుందని చెప్పాను. చాలామందికి నిజంగానే సర్దుకుంటుంది. ఆమె తనకు తానుగా మరో పని చేశారు: భోజనంలోంచి కొవ్వును పూర్తిగా తీసేశారు. విరేచనాలు తగ్గలేదు, బరువు మాత్రం నాలుగు కిలోలు తగ్గింది. ఎనిమిదో వారంలో చూసినప్పుడు నీరసంగా, దిగులుగా ఉన్నారు. "ఆ నొప్పే నయమనిపిస్తోంది" అన్న ఆమె మాట నన్ను కలతపెట్టింది.

పిత్తాశయం పోతే కొవ్వు అరగదన్నది బలంగా పాతుకుపోయిన అపోహ. పైత్యరసాన్ని తయారుచేసేది కాలేయం, రోజుకు అర లీటరు నుంచి లీటరు దాకా. పిత్తాశయం 30 నుంచి 50 మిల్లీలీటర్లు చిక్కబరచి దాచే సంచి మాత్రమే. సంచి పోయాక రసం నిరంతరాయంగా పేగులోకి చేరుతూనే ఉంటుంది. అందులోని ఆమ్లాలను చిన్నపేగు చివరి భాగం దాదాపు అంతటినీ తిరిగి పీల్చుకుంటుంది. కొందరిలో ఆ భాగం తాకిడికి తట్టుకోలేక మిగులు పెద్దపేగులోకి దిగుతుంది. అక్కడ అవి నీటిని లోపలికి లాగి, కదలికను వేగం చేస్తాయి. రాత్రంతా పేగులో చేరినది ఉదయం మొదటి ముద్దతో కదులుతుంది కాబట్టి ఉదయమే ఉధృతి ఎక్కువ.

కథ ఇంత చక్కగా అమరినా, బరువు తగ్గుతున్న మనిషిలో ఊహతోనే మందు మొదలుపెట్టడం నాకు సమ్మతం కాలేదు. మలంలో రక్తం లేదు, విరేచనాల కోసం రాత్రి నిద్ర లేవడం లేదు. రక్తపరీక్ష, మలపరీక్ష, గోధుమల్లోని గ్లూటెన్ పడని సీలియాక్ వ్యాధి పరీక్ష చేయించాను. థైరాయిడ్ స్థాయి కూడా చూశాను. బరువు తగ్గినా పాత మోతాదే వేసుకుంటూ ఉంటే ఆ మాత్ర ఎక్కువై, అదే విరేచనాలు తేగలదు. అన్నీ సరిగానే వచ్చాయి.

అప్పుడు కొలెస్టిరమిన్ పొడి మొదలుపెట్టాం, ఉదయం తినడానికి ముందు 4 గ్రాములు నీటిలో కలిపి. ఇది పేగులో పైత్య ఆమ్లాలను పట్టి బంధిస్తుంది. చిక్కేమిటంటే పక్కనున్న మందులను కూడా అలాగే బంధిస్తుంది. ఆమె థైరాయిడ్ మాత్ర కూడా ఉదయమే. రెండూ పక్కపక్కన పడితే ఒక బాధ తీర్చి ఇంకోటి తెచ్చినట్టే. రెంటికీ మధ్య కనీసం నాలుగు గంటల ఎడం కావాలి. మాత్రను రాత్రి నిద్రకు ముందు, భోజనమైన మూడు గంటల తర్వాతకు మార్చి, ఆరు వారాలకు థైరాయిడ్ స్థాయి మళ్ళీ చూశాం. నిలకడగా ఉంది. కొవ్వును కూడా తిరిగి భోజనంలోకి తెచ్చాం, ఒకేసారి కాకుండా పూటపూటకు కొద్దికొద్దిగా.

నాలుగో రోజుకే విరేచనాలు రెండుకు తగ్గాయి. ఇంత త్వరగా ఫలితం రావడమే రోగనిర్ధారణకు బలమైంది. రెండు వారాలయ్యాక మలబద్ధకం మొదలైతే పొడిని సగానికి తగ్గించాం. మూడు నెలలకు పూర్తిగా ఆపి చూశాం. తిరిగి రాలేదు.

ఈ కేసు తర్వాత నేను మార్చుకున్నవి

లక్షణాలు మొదలైనవారికి స్కాన్‌లో చిన్న రాళ్ళు కనిపిస్తే ఆ మాటను ఊరటగా చెప్పడం మానేశాను. కరిగించే మాత్రలు అడిగినవారికి షరతులతో పాటు, రాయి జారే ప్రమాదాన్ని కూడా అదే వాక్యంలో చెబుతున్నాను. అది విన్నాక మాత్రలే కావాలన్నవారు కొద్దిమందే. శస్త్రచికిత్సకు తగని ఆరోగ్యం ఉన్నవారి విషయం వేరు.

"నిశ్శబ్దం" అన్న మాట రాసేటప్పుడు పక్కన తేదీ వేస్తున్నాను. ఏ నొప్పి వస్తే ఆ మాట చెల్లదో కూడా కింద రాస్తున్నాను, ఆ కాగితం చూసే తర్వాతి వైద్యుడి కోసం. ఉదయపు విరేచనాలు నాలుగు వారాలు దాటితే ఇప్పుడు ఎనిమిదో వారం దాకా ఆగడం లేదు.

పిత్తాశయం పరీక్ష నివేదికలో దీర్ఘకాలిక వాపు, పదుల సంఖ్యలో లేత పసుపు రాళ్ళు అని ఉంది. అన్నిటికంటే పెద్దది 5 మిల్లీమీటర్లు.

ఆరో నెలలో ఆమెను మళ్ళీ మూడు వారాలు అదే పుస్తకం నింపమన్నాను. నొప్పి గడి పూర్తిగా ఖాళీగా ఉంది. ఉబ్బరం గడిలో 21 రోజులకు 15 రోజులు నిండి ఉన్నాయి. పుస్తకం నా ముందు పెట్టి, "ఇది మీరు ముందే చెప్పారు కదా, ఇప్పుడు దీని సంగతి చూడండి" అన్నారు. నెలల తరబడి వేసుకుంటున్న ఆమ్లం తగ్గించే మాత్రలను మెల్లగా తగ్గించడంతో ఆ పని మొదలుపెట్టాం.